మూకీల నాటి తెలుగు కథానాయకుడు: రఘుపతి సూర్యప్రకాశ్

ఈ పాఠ్యభాగంలో మనం పరిచయం చేసుకోబోయే నటుడు తెలుగువారి తొలి మూకీ చిత్రంలో కథానాయకుడు. ఆయన పేరు రఘుపతి సూర్యప్రకాశ్ (1901-1956). సినిమా చరిత్ర గ్రంథాల్లో ఆర్. ప్రకాశ్ అనీ, ఆర్.ఎస్. ప్రకాశ్ అనీ కూడా కనిపిస్తారు. 1921లో మద్రాసులో తయారైన 'భీష్మ ప్రతిజ్ఞ'లో భీష్ముడి వేషం ఆయనదే. దర్శకత్వ బాధ్యత మోసిందీ ఆయనే. ఆ సినిమా ఇప్పుడు లేదు. ఒక్క రీలు కూడా మిగల్లేదు.

చూడటానికి సినిమాయే లేనప్పుడు నటుణ్ణి గురించి ఏం చదువుతామని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నాది దివిసీమలోని కోడూరు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో మా ఇంట్లో ఉన్న కాగితాలు, ఫోటోలు అన్నీ పోయాయి. మా నాయనమ్మ ముఖం ఎలా ఉండేదో మా పిల్లలకు చూపించడానికి ఒక్క ఫోటో లేదు. అయినా ఆమె పాడిన మంగళహారతులు మా మేనత్తల నోట విన్నాం, ఆమె పెట్టిన ఆవకాయ పాళ్లు మా అమ్మ చేతిలో నిలిచాయి. బొమ్మ పోయినా మనిషి ఆనవాలు పూర్తిగా పోదు. అది వేరే చోట్ల ఉంటుంది, వెతకాలి. ప్రకాశ్ విషయంలోనూ మనం చేయవలసిన పని ఇదే.

1. బందరు నుంచి మద్రాసుకు

ప్రకాశ్ కథ ఆయన తండ్రితో మొదలవుతుంది. తెలుగు సినిమాకు పితామహుడని మనం గౌరవించే రఘుపతి వెంకయ్య మచిలీపట్నం వాస్తవ్యులు. చిన్న వయసులోనే మద్రాసు చేరి, ఫోటోగ్రఫీ నేర్చి, మౌంట్ రోడ్డులో సొంత స్టూడియో నడిపారు. ఆ రోజుల్లో ఫోటో తీయడమంటే మీట నొక్కడం కాదు. వెలుతురును అంచనా వేయడం, రసాయనాలు కలపడం, చీకటి గదిలో బొమ్మను తేల్చడం అన్నీ ఒకరికే రావాలి. సినిమాకు కావలసిన చదువు సగం అందులోనే ఉంది.

1910 ప్రాంతంలో మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలులో క్రోనోమెగాఫోన్ అనే యంత్రాన్ని ప్రదర్శించారు. ఫ్రాన్సు దేశపు గోమాంట్ కంపెనీ తయారుచేసిన ఈ యంత్రంలో బొమ్మ వేసే ప్రొజెక్టరును, పాట వినిపించే గ్రామఫోనును జతచేసి నడిపేవారు. వెంకయ్య దానికి ముగ్ధులై దాదాపు 30,000 రూపాయలు పెట్టి కొన్నారు. అంత డబ్బు చేతిలో లేక స్టూడియో తాకట్టు పెట్టారు. ఊరూరా డేరాలు వేసి బొమ్మలు చూపించారు. దక్షిణాది పట్టణాలతో ఆగక బర్మా, సింహళం దాకా వెళ్లారు. తరువాత మద్రాసులో గెయిటీ, క్రౌన్, గ్లోబ్ థియేటర్లు నిర్మించారు. మద్రాసులో ఒక భారతీయుడు కట్టిన తొలి సినిమా థియేటరుగా గెయిటీకి చరిత్రలో స్థానం ఉంది.

ఒక విశేషం గమనించండి. మూకీల ఇల్లు అని మనం చెప్పుకునే ఈ ఇంట్లోకి సినిమా వచ్చింది మాట్లాడే యంత్రం రూపంలోనే. కానీ గ్రామఫోను పలక నిడివి కొద్ది నిమిషాలే. దానితో చిన్న చిన్న ముక్కలు చూపించగలరు గానీ భారతంలోని ఒక ఘట్టాన్ని నడపలేరు. పెద్ద కథ చెప్పాలంటే శబ్దాన్ని వదులుకోక తప్పలేదు.

2. విదేశీ శిక్షణ, తేదీల లెక్క

థియేటర్లున్న వెంకయ్యకు వాటిలో వేయడానికి విదేశీ చిత్రాలే గతి అయ్యాయి. మన కథలు మనమే తీయాలన్న పట్టుదలతో కొడుకును ఇంగ్లండు పంపారు. ప్రకాశ్ లండన్‌లోని బార్కర్ మోషన్ పిక్చర్స్‌లో చిత్ర నిర్మాణం నేర్చుకున్నారు. తిరిగి వచ్చాక తండ్రీకొడుకులు 'స్టార్ ఆఫ్ ది ఈస్ట్' పేరుతో చిత్ర నిర్మాణ సంస్థ పెట్టారు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ప్రకాశ్ విదేశీ ప్రయాణం గురించి రాసిన కొన్ని వ్యాసాల్లో, ఆయన అమెరికాలో సెసిల్ బి. డిమిల్ తీసిన 'ది టెన్ కమాండ్‌మెంట్స్'కు సహాయకుడిగా పనిచేసి, ఆ అనుభవంతో వచ్చి 'భీష్మ ప్రతిజ్ఞ' తీశారని కనిపిస్తుంది. వినడానికి గొప్పగానే ఉంది. కానీ డిమిల్ మూకీ 'టెన్ కమాండ్‌మెంట్స్' చిత్రీకరణ, విడుదల రెండూ 1923లో జరిగాయి. 1921 నాటి చిత్రానికి 1923 నాటి అనుభవం ఉపయోగపడటం సాధ్యం కాదు. జర్మనీలో ముర్నౌ తీసిన 'ది లాస్ట్ లాఫ్' పనిని దగ్గరుండి చూశారన్న మాటకూ ఇదే లెక్క వర్తిస్తుంది. ఆ చిత్రం 1924ది. ఇవి జరిగి ఉంటే రెండో ప్రయాణంలో జరిగి ఉండాలి గానీ మొదటి చిత్రానికి ముందు కాదు. నక్షత్రాల కథలకు మెరుగులు దిద్దడం అభిమానుల అలవాటు. రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూడటం విద్యార్థి అలవాటు కావాలి. పరీక్షలో ఈ విషయం రాయవలసి వస్తే లండన్ శిక్షణ వరకు ధైర్యంగా రాయండి.

3. భీష్ముడు తెర మీదికి వచ్చాడు

దక్షిణాదిలో కథాచిత్రం తీసిన తొలి వ్యక్తి ప్రకాశ్ కాదు. అంతకు మూడు నాలుగేళ్ల ముందే మద్రాసులో ఆర్. నటరాజ మొదలియార్ 'కీచక వధ' తీశారు. అయితే తెలుగువారు పెట్టుబడి పెట్టి, తెలుగువారే తీసి, తెలుగు నటుడే నాయకుడిగా నటించిన తొలి చిత్రం 'భీష్మ ప్రతిజ్ఞ'.

కథ మీకు తెలిసినదే. శంతనుడు సత్యవతిని కోరాడు. ఆమె తండ్రి దాశరాజు, తన కూతురి బిడ్డలకే రాజ్యం దక్కాలన్నాడు. దేవవ్రతుడు తండ్రి కోసం సింహాసనాన్నీ, పెళ్లినీ వదులుకొని భీష్ముడయ్యాడు. మూకీకి ఇంతకన్నా అనువైన కథ దొరకదు. ప్రతిజ్ఞ అనేది మాటే అయినా దాని బరువంతా ముఖంలో, ఎత్తిన చేతిలో, చుట్టూ ఉన్నవారి నిశ్చేష్టతలో ఉంటుంది. పైగా ప్రేక్షకుడికి కథ విప్పి చెప్పవలసిన పని లేదు. కూచిపూడి భాగవతులు, తోలుబొమ్మలవారు, హరికథా దాసులు తరతరాలుగా ఆ పని చేసి ఉంచారు. మన కృష్ణా డెల్టా పల్లెల్లో తెల్లని పంచె కట్టి, వెనుక ఆముదం దీపాలు పెట్టి, బొమ్మలాడించడం సినిమా రాకముందు నుంచీ ఉంది. తెర, వెలుగు, కదిలే బొమ్మ మూడూ మన జనానికి కొత్త కాదు. బొమ్మను ఆడించే చేయి కనిపించకపోవడమే కొత్త.

అప్పటి నటుడు ఎదుర్కొన్న పరిస్థితులు తెలిస్తే ప్రకాశ్ పని ఎంత కష్టమో అర్థమవుతుంది. ఆనాటి ముడి ఫిల్ము ఎరుపు రంగును గ్రహించలేకపోయేది. ఎర్రని పెదవి, ఎర్రని జరీ అంచు, నుదుటి కుంకుమ తెర మీద నల్లగా పడేవి. నీలి ఆకాశం తెల్లగా పాలిపోయేది. గోధుమరంగు చర్మం ఉన్నదానికన్నా నల్లగా, మరకలు మరకలుగా కనిపించేది. అందువల్ల ముఖానికి లేత రంగు దట్టంగా పూసి, కళ్లకు గీతలు దిద్దేవారు. ఆ పూత కింద ముఖ కండరాల చిన్న కదలికలు కప్పుకుపోతాయి. కళ్లు, కనుబొమలు, చేతులే మిగులుతాయి. దీపాలు కూడా అంతంతమాత్రం. స్టూడియోలో ఎండ వెలుగే ఆధారం. మబ్బు పట్టిందంటే ఆ రోజు పని ఆగినట్టే.

మూకీల్లో మనుషులు చకచకా బొమ్మల్లా పరుగెత్తుతారని మనం నవ్వుకుంటాం. ఆ తప్పు నటులది కాదు. అప్పట్లో కెమెరాను చేత్తో తిప్పేవారు. సెకనుకు సుమారు 16 నుంచి 18 ఫ్రేములు పడేవి. టాకీల కాలం నుంచి ప్రొజెక్టరు సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నడుస్తుంది. పాత బొమ్మను కొత్త వేగంతో వేస్తే ఎవరైనా పరుగెత్తినట్టే ఉంటుంది. లెక్క వేసి చూడండి. 35 మి.మీ. ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు. 1,000 అడుగుల రీలు సెకనుకు 16 ఫ్రేముల వేగంతో 16 నిమిషాల 40 సెకన్లు నడుస్తుంది. అదే రీలు నేటి వేగంతో 11 నిమిషాల్లో అయిపోతుంది. భీష్ముడి గాంభీర్యం మూడో వంతు తరిగిపోయినట్టే కదా.

మాటలకు బదులు మధ్యమధ్య అక్షరాల పలకలు వచ్చేవి. వాటిని టైటిల్ కార్డులు అంటాం. దక్షిణాది మూకీలకు తెలుగు, తమిళం, హిందీ, ఇంగ్లీషు వంటి భాషల్లో కార్డులు వేసేవారు. చదువు రానివారే ఎక్కువైన ఆ సభల్లో ఒకాయన తెర పక్కన నిలబడి కార్డులు గట్టిగా చదివేవాడు, కథ చెప్పేవాడు, అవసరమైతే భీష్ముడి తరఫున తానే గర్జించేవాడు. హార్మోనియం, తబలా తోడుండేవి. కాబట్టి 'మూకీ' అన్నది సగం నిజం. తెర మూగది గానీ డేరా మూగది కాదు. ప్రకాశ్ నటన ఒక్కో ఊళ్లో ఒక్కో గొంతుతో జనానికి చేరింది.

గంగ పాత్ర ధరించిన నటి గురించి చెప్పకపోతే ఈ భాగం పూర్తి కాదు. ఆమె పెగ్గీ కాస్టెల్లో అనే ఆంగ్లో ఇండియన్ యువతి. 1913లో ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర' తీసినప్పుడు తారామతి వేషానికి స్త్రీలెవరూ ముందుకు రాక సాళుంకే అనే పురుషుడు ఆ పాత్ర ధరించాడు. మన కూచిపూడి సంప్రదాయంలోనూ సత్యభామ పురుషుడే. ప్రకాశ్ స్త్రీ పాత్రకు స్త్రీనే తీసుకున్నారు. కులీన కుటుంబాల స్త్రీలు కెమెరా ముందుకు రావడం తప్పుగా భావించిన ఆ కాలంలో ఆంగ్లో ఇండియన్, యూదు యువతులే భారతీయ మూకీ పరిశ్రమకు దేవతలూ రాణులూ అయ్యారు. తెలుగు పలకడం రాకపోయినా భీష్ముడి తల్లి కావచ్చు. ఈ వెసులుబాటు శబ్దం వచ్చాక పోయింది.

4. అప్పులు, కొత్త యజమానులు, శబ్దం

'భీష్మ ప్రతిజ్ఞ' తరువాత ప్రకాశ్ 'గజేంద్ర మోక్షం' వంటి పౌరాణికాలు తీశారు. పేరు వచ్చింది గానీ డబ్బు నిలవలేదు. చిత్ర నిర్మాణం పెట్టిన అప్పుల్లో వెంకయ్య కష్టపడి కట్టిన థియేటర్లు చేతులు మారాయి. దేవవ్రతుడు తండ్రి కోసం రాజ్యం వదులుకుంటే, ఇక్కడ కొడుకు సినిమా కోసం తండ్రి రాజ్యం వదులుకున్నాడని నాకు అనిపిస్తుంది. వెంకయ్య 1941లో కన్నుమూశారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సినీ ప్రముఖులకు ఆయన పేరిట పురస్కారం ఇవ్వడం 1980 దశకం నుంచి ఆనవాయితీ అయింది. ప్రకాశ్ మాత్రం చాలా పుస్తకాల్లో 'ఆయన కుమారుడు' అన్న మాట దగ్గరే ఆగిపోతారు. ఇది సరికాదు.

1929లో ఎ. నారాయణన్ మద్రాసులో జనరల్ పిక్చర్స్ కార్పొరేషన్ స్థాపించారు. సొంత సంస్థ లేని ప్రకాశ్ అక్కడ దర్శకుడిగా చేరి 'కోవలన్' వంటి చిత్రాలు తీశారు. ఇక్కడి నుంచి ఆయన జీవితంలో ముఖం తగ్గుతుంది, చేయి పెరుగుతుంది.

1931 అక్టోబరులో 'కాళిదాసు', 1932 ఫిబ్రవరిలో హెచ్.ఎం. రెడ్డి 'భక్త ప్రహ్లాద' విడుదలయ్యాయి. అప్పటికి మద్రాసులో శబ్దం పట్టే స్టూడియో లేదు, బొంబాయి వెళ్లి తీశారు. నారాయణన్ 1934లో శ్రీనివాస సినీటోన్ పెట్టేదాకా మద్రాసువారికి ఆ ప్రయాణాలు తప్పలేదు. టాకీ వచ్చిన మరునాడే నటుడికి కావలసిన అర్హతలు మారిపోయాయి. రాగం తీసి పద్యం పాడగలవారు కావాలి. అందుకే సురభి కమలాబాయి వంటి నాటక కళాకారులు తెర మీదికి వచ్చారు. మూకీ తారలు వెనక్కి వెళ్లారు. ఇది మన దగ్గరే జరగలేదు. బొంబాయిలో అత్యధిక పారితోషికం అందుకున్న సులోచన, అసలు పేరు రూబీ మేయర్స్, హిందీ నేర్చుకోవడానికి కొంతకాలం నటన మానుకోవలసి వచ్చింది. తొలి భారతీయ టాకీ 'ఆలం ఆరా' నాయకుడు మాస్టర్ విఠల్‌కు భాష పలకక, ఆయన పాత్రకు సంభాషణలు బాగా తగ్గించారు.

ఈ గండం దాటిన తెలుగువాడు ఒకరున్నారు. 1909లో కరీంనగర్‌లో పుట్టిన పైడి జైరాజ్ 1929లో బొంబాయి మూకీల్లో ప్రవేశించి, టాకీల్లోనూ హిందీ కథానాయకుడిగా దశాబ్దాలు నిలిచారు. 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నారు. హైదరాబాదు రాజ్యంలో చదువుకున్నవారికి ఉర్దూ సహజంగా అబ్బేది. మూకీ నుంచి టాకీకి వేసిన వంతెన ఆయనకు ఆ భాషే. ఆయన తెలుగు తెరకు రాలేదు. ప్రకాశ్ తెలుగు, తమిళ తెరలను విడిచి వెళ్లలేదు, ముఖాన్ని పక్కన పెట్టి కెమెరా వెనక నిలబడ్డారు. ఇద్దరిలో ఎవరిది గెలుపని అడిగితే నేను జవాబు చెప్పను. మీరు ఆలోచించండి.

5. ఫిల్ము ఎందుకు మిగల్లేదు?

భారతదేశంలో 1913 నుంచి 1934 దాకా సుమారు 1,300 మూకీలు తయారయ్యాయని అంచనా. వాటిలో నేటికి పూర్తిగానో ముక్కలుగానో మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టదగినంత తక్కువ. మొదటి కారణం పదార్థమే. ఆనాటి ఫిల్ము సెల్యులోజ్ నైట్రేటుతో చేసేవారు. అది త్వరగా అంటుకుంటుంది, అంటుకుంటే నీళ్లతో ఆరదు. కాల్చకపోయినా ఉక్కపోతకు జిగురై, చివరకు పొడి అవుతుంది. మద్రాసు గాలిలో తేమ సంగతి చెప్పనక్కరలేదు. రెండో కారణం మనుషులు. టాకీ వచ్చాక మూకీకి అద్దె రాలేదు. ఫిల్ము పూతలో వెండి ఉంటుంది కాబట్టి పాత రీళ్లను కరిగించి వెండి తీసుకున్నారు. భద్రపరచడమంటే ఖర్చు, కరిగించడమంటే రాబడి. మూడో కారణం ఆలస్యం. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఏర్పడింది 1964లో. పి.కె. నాయర్ ఊరూరా తిరిగి పాత రీళ్లు సేకరించే నాటికి చాలావరకు జరగవలసిన నష్టం జరిగిపోయింది.

దక్షిణాది మూకీల్లో పూర్తిస్థాయి కథాచిత్రంగా దక్కింది ప్రధానంగా ఒక్కటే, 1933 నాటి మలయాళ చిత్రం 'మార్తాండ వర్మ'. అదెలా దక్కిందో తెలిస్తే ఆశ్చర్యపోతారు. సి.వి. రామన్ పిళ్లై నవల ఆధారంగా నిర్మాత సుందర్‌రాజ్ దాన్ని తీశారు. నవల హక్కులున్న పుస్తక ప్రచురణకర్తలు కోర్టుకు వెళ్లి గెలిచారు. ప్రదర్శన ఆగిపోయింది, ప్రింటు ప్రచురణకర్తల గోదాములో చేరింది. ఊరూరా ఆడి అరిగిపోకుండా, వెండి కోసం కరగకుండా మిగిలి 1974లో ఆర్కైవ్‌కు చేరింది. ఆడిన సినిమాలు పోయాయి, ఆడనిది ఉంది. 'భీష్మ ప్రతిజ్ఞ' జనం చూసిన సినిమా కావడమే దాని దురదృష్టమేమో. ప్రకాశ్ కాలపు దృశ్య పద్ధతులు, వేషధారణ, టైటిల్ కార్డుల తీరు తెలుసుకోవాలంటే మీరు 'మార్తాండ వర్మ' భాగాలు చూడండి.

6. మనుషుల్లో మిగిలినది

ఫిల్ము పోయాక ప్రకాశ్ వారసత్వాన్ని ఆయన దగ్గర పనిచేసినవారిలో వెతకాలి. కాకినాడకు చెందిన చిత్తజల్లు పుల్లయ్య మద్రాసులో ఈ తండ్రీకొడుకుల వద్ద సహాయకుడిగా పని నేర్చుకున్నారు. తిరిగి వెళ్లి 1925లో కాకినాడలో 'భక్త మార్కండేయ' అనే మూకీ తీశారు. ఆంధ్ర దేశపు నేల మీద చిత్ర నిర్మాణానికి ఇదే శ్రీకారం. ఆ పుల్లయ్యే 1934లో 'లవకుశ' తీసి తెలుగు టాకీకి జనాన్ని బండ్లు కట్టించి రప్పించారు. 1963 నాటి రంగుల 'లవకుశ'నూ ఆయనే మొదలుపెట్టగా కుమారుడు సి.ఎస్. రావు పూర్తి చేశారు. మరొకరు నెల్లూరుకు చెందిన వై.వి. రావు. మూకీల్లో నాయకుడిగా వెలిగి, మద్రాసులో ప్రకాశ్, నారాయణన్‌లతో పనిచేసి, దర్శకుడై 1934లో కన్నడ తొలి టాకీ 'సతీ సులోచన', 1937లో తమిళ 'చింతామణి', 1939లో తెలుగు 'మళ్లీ పెళ్లి' తీశారు. నటి లక్ష్మి ఆయన కుమార్తె. మూడు భాషల టాకీ చరిత్రల మొదటి పుటల్లో మూకీ కాలపు మద్రాసు స్టూడియో చేతివాటం కనిపిస్తుంది.

ప్రకాశ్ సొంతంగా తీసిన టాకీల్లో కన్నాంబ, వేమూరి గగ్గయ్య నటించిన 'చండిక' (1940), తరువాత 'తారాశశాంకం', 'బభ్రువాహన' ఉన్నాయి. నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది 1940లోనే వచ్చిన 'బారిష్టర్ పార్వతీశం'. మొక్కపాటి నరసింహశాస్త్రి నవల మీకు తెలుసు. మొగల్తూరు కుర్రవాడు చదువు కోసం ఓడెక్కి ఇంగ్లండు వెళ్లి పడే పాట్లు దాని కథ. లంక సత్యం పార్వతీశంగా నటించగా, జి. వరలక్ష్మి అందులో తెరకు పరిచయమయ్యారు. సముద్రం దాటి సినిమా నేర్చుకొచ్చిన బందరు వంశపు మనిషే ఆ నవ్వులాటకు దర్శకుడు కావడం యాదృచ్ఛికం కావచ్చు. అయినా భీష్ముడి వేషంతో మొదలై పార్వతీశం దగ్గరికి వచ్చిన ఆ ప్రయాణంలో, పౌరాణికం నుంచి మన ఇంటి ముందు మనిషి దాకా తెలుగు సినిమా నడిచిన దారి మొత్తం ఉంది.

అభ్యాసం

దేవవ్రతుడు దాశరాజు ఎదుట ప్రతిజ్ఞ చేసే ఘట్టాన్ని మూకీ సన్నివేశంగా రాయండి. నిడివి ఒక రీలు, అంటే సుమారు 16 నిమిషాలకు మించకూడదు. టైటిల్ కార్డులు ఐదుకు మించకూడదు, ఒక్కో కార్డులో పది మాటలు మించకూడదు. కెమెరా కదలదనుకోండి. ఎరుపు నల్లగా పడుతుందని గుర్తుంచుకొని దుస్తుల రంగులు నిర్ణయించండి. రాసిన తరువాత మీ ఇంట్లో భారతం బాగా తెలిసిన పెద్దవారికి టైటిల్ కార్డులు మాత్రమే చదివి వినిపించి, మధ్యలో ఏం జరిగి ఉంటుందో వారినే చెప్పమనండి. వారు చెప్పినదాన్నీ మీరు రాసినదాన్నీ పోల్చి ఒక పుటకు మించకుండా వ్యాఖ్య రాసి, సంపర్క తరగతికి తీసుకురండి.